నవంబరు విద్యార్థి

ఆ ఆదివారం మధ్యాహ్నం మీన్‌కర్రా పాత బడి గదిలో హాజరైనవారు, వచ్చిన క్రమంలో, వీరు. అందరికంటే ముందు నేను, కోనల్ వార్డ్‌ని. జిల్లా కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ని, ఈ ఊరి చరిత్ర పుస్తకానికి సంపాదకుణ్ని. నా తరువాత ఎత్నా రోజర్స్, కొత్త బడి ప్రధానోపాధ్యాయిని, పాత రిజిస్టర్లున్న ఇనప్పెట్టె తాళంచెవితో. ఆమె వెనకే ప్యాకీ గిల్డే, మేకులూ రంగు డబ్బాలూ శవపేటికలూ ఒకే కప్పు కింద అమ్మేవాడు, పుస్తక సంఘానికి కార్యదర్శి. ఆఖరున, పిలుపు లేకుండా, నాబ్లా బ్రెస్లిన్. ఆఖరున వచ్చినా నిప్పుకు అతి దగ్గరి కుర్చీ ఆమెదే అయింది. ఆమె అడగలేదు, ప్యాకీ లేచి ఇచ్చాడు.

నాబ్లాకు ఎనభై ఏళ్లు. ఆమె భర్త బ్రెస్లిన్ అయినా పుట్టింటివారు బోనర్లు. ఊరి చరిత్ర పుస్తకం మరునాడు ఉదయం అచ్చుకు వెళ్లవలసి ఉన్నది. ఆమె వచ్చింది అందులోని ఒక్క వాక్యం కోసం. ఆ వాక్యం రాసినది నేను.

మా ఊరి పడవలు ఈనాడు నిలుస్తున్న రాతి రేవు ఆమె తాత ఫేలిమ్ బోనర్ కాలంలో కట్టినది. అంతకు ముందు శీతకాలపు గాలివానకు పడవలను ఇసుక మీదికి భుజాలతో లాగేవారు. లాగలేకపోయిన రోజున అవి మనుషులతో సహా పోయేవి. రేవు కట్టించమని రాజధానిలోని అధికారులకు ఒక అర్జీ వెళ్లింది. ఆ అర్జీ ఇప్పుడు ఎక్కడా దొరకదు. దానిలోని ఇంగ్లీషు ఎంత గంభీరంగా ఉన్నదంటే, చూడవచ్చిన ఇంజనీరు, ఇది రాసిన పెద్దమనిషి ఎవరని రేవు ఒడ్డున అడిగాడట. ఆ పెద్దమనిషి తన తాతే అని బోనర్లు చెబుతారు. నా పుస్తకం అలా చెప్పలేదు. అందులో ఉన్నది ఇది: ‘ఫేలిమ్ బోనర్ ఈ బడిలో ఒక్క శీతకాలం మాత్రమే చదివినట్టు రిజిస్టరు వల్ల తెలుస్తున్నది గనుక, ఆ అర్జీ నాటి ఉపాధ్యాయుడు మాస్టర్ గిల్డే రాసినదై ఉండాలి.’ మాస్టర్ గిల్డే మన ప్యాకీకి తాత. ఆ వాక్యం రాసేటప్పుడు ప్యాకీ సంతోషం నా కలాన్ని కదిలించలేదని ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. నాకు ఆధారం కావాలి. ఉన్న ఆధారం అదే.

నాబ్లా తడిసిన కోటు విప్పకుండానే మాట్లాడింది. తన తాతను ఒక్క చలికాలపు చదువువాడిగా అచ్చు వేస్తే తాను పుస్తకం కొనబోననీ, అది చిన్న విషయమనీ, కాని తన మనవలు కొంటారనీ, వాళ్లు ఆ వాక్యాన్నే నిజమనుకుని పెరుగుతారనీ చెప్పింది. తాను పోయాక కాదని చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు.

“ఆ ముక్క తీసెయ్యి నాయనా,” అన్నది నాతో. నాకు డెబ్బై ఆరు. నన్ను నాయనా అని పిలవగలిగినవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉన్నారు.

ఆధారం చూపిస్తే తీసేస్తానని చెప్పాను. ఆయన ఎక్కడ చదివాడు, ఎన్నేళ్లు చదివాడు, ఆమెకు ఏమైనా తెలుసా అని అడిగాను.

“ఎక్కడ చదివాడో నాకు తెలీదు. చదివాడని తెలుసు. పత్రిక మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నాకు చదివి వినిపించేవాడు. అందులో తప్పులుంటే పెన్సిల్‌తో దిద్దేవాడు కూడా.”

ప్యాకీ నవ్వాడు. “నాబ్లమ్మా, మీ తాత అర్జీ రాశాడంటే, మా తాత సొరచేపల్ని పట్టాడని నేనూ అంటాను. ఎవరి తాత పని వాళ్లకి వదిలేద్దాం.”

“మీ తాత పట్టాడు కదరా. మీ నాయనమ్మని. ఆవిడ సొరచేప కంటే ఏం తక్కువ?”

ఎత్నా నవ్వు దాచుకోవడానికి టీ కెటిల్ వైపు తిరిగింది. నేను సమావేశాన్ని విషయం మీదికి తీసుకువచ్చాను.

రిజిస్టరు నుంచి తీసిన విద్యార్థుల జాబితా నా ముందున్నది. పుస్తకం చివర అనుబంధంగా వేయడానికి ఎత్నా దాన్ని రెండు వేసవులు కష్టపడి తయారు చేసింది. ఇంటిపేర్ల అక్షరక్రమంలో పేరు, చేరిన సంవత్సరం, తండ్రి వృత్తి మాత్రం అందులో ఉన్నాయి. పాత రిజిస్టరులోని మిగిలిన గడులన్నీ అచ్చు వేస్తే పుస్తకం మోయలేనంత బరువవుతుందని ఆ మూడే ఉంచాలని సంఘమంతా కలిసి తీర్మానించింది.

ఆ జాబితాలో, మాస్టర్ గిల్డే కాలంలో చేరిన ఫేలిమ్ బోనర్లు ఏడుగురున్నారు.

వేరే జిల్లా నుంచి వచ్చినవాడెవడైనా ఈ సంఖ్య చూసి కనుబొమలు ఎగరేసి ఉండేవాడు. మా సంఘంలో ఒక్కరూ ఎగరేయలేదు. మా ఊళ్లో సగం ఇళ్లు బోనర్లవి. ప్రతి ఇంట్లోనూ తాత పేరు మనవడికి వస్తుంది. ఒకే పడవలో ముగ్గురు ఫేలిమ్ బోనర్లు కూర్చుని ఉండగా ఒడ్డు నుంచి పిలవాలంటే తండ్రి పేరూ తాత పేరూ కలిపి పిలవాలి. అలా కలిపినా ఇద్దరు పలుకుతారు. అప్పుడు జుట్టు రంగు చెప్పాలి. ఏడుగురు ఫేలిమ్ బోనర్లున్నారంటే, ఇంతమందేనా అని ప్యాకీ అడిగాడు గాని, ఇంతమందా అని ఎవరూ అడగలేదు.

వాళ్లలో నాబ్లా తాత ఎవరో తేల్చడం కష్టం కాలేదు. ఆయన తండ్రి చేపలవాడు. జాబితాలో ‘చేపల వృత్తి’ అని ఉన్న ఫేలిమ్ ఒక్కడే. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి ఆ గడిలో ‘విధవరాలు’ అని ఉన్నది, ఒకరికి ‘రైతు’ అని, మరొకరికి ‘కూలి’ అని. సముద్రం పక్కన బతికే ఊళ్లో విధవరాళ్లకు కొరత లేదు. పుస్తకం రాసేటప్పుడు రిజిస్టరులో నేను తీసి చూసినది అతని వరుస ఒక్కటే. చేపలవాడి కొడుకు ఫేలిమ్ చేరినది ఒక శీతకాలం. అది గడిచాక పేరు కొట్టేశారు. ఆ తరువాత ఏమైందో నాబ్లాయే చెప్పింది. ఆగస్టు తుఫానులో తండ్రి పడవ తిరిగి రాలేదు. తరువాతి మే నెలలో తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని లెటర్‌కెన్నీ కూలి సంతకు నడిపించి లాగన్ రైతుకు కుదిర్చారు.

ఇది మా ప్రాంతంలో ఇంటింటి కథ. తూర్పున లాగన్ మైదానంలో నేల మంచిది, రైతులు కలిగినవాళ్లు, మాట మా భాష కాదు, ఇంగ్లీషు. మే నెల నడుమ సంతలో పిల్లల్ని కుదుర్చుకుంటే నవంబరు నడుమ సంత దాకా వాళ్లు పశువుల దగ్గర, దుంపల చేలలో ఉండాలి. అలా వెళ్లినవాడికి బడి అంతటితో సరి. కాబట్టి నాబ్లా చెప్పినది నా వాక్యాన్ని బలపరిచింది గాని కాదనలేదు. ఆ మాట ఆమెతో సాధ్యమైనంత మర్యాదగా అన్నాను.

 నాబ్లా చేతులు నిప్పు వైపు చాపింది.

ప్యాకీ చెడ్డవాడు కాదు. గదిలో మౌనం ఎక్కువైతే దాన్ని ఏదో ఒక కథతో కప్పడం అతని అలవాటు. అతని వృత్తిలో అది అవసరం కూడా. ఎత్నా పోసిన టీ అందుకుని, ఆమె తెచ్చిన ఎండుద్రాక్ష రొట్టె ముక్కకు వెన్న రాసుకుంటూ, ఒక్క చలికాలం చదివి ఊరుకున్నవాడు తెలివైనవాడేనని నాబ్లాను ఓదార్చాడు. తమ తాత బడిలో ఊరుకోనివాడు ఒకడుండేవాడట. తమ ఇంట్లో అతన్ని పొడుగు మొద్దు అనేవారట. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే అడవి బాతులతో పాటు బడికి వచ్చేవాడు, అవి వెళ్లగానే తానూ మాయమయ్యేవాడు. మరుసటి ఏడు బాతులతో పాటు మళ్లీ హాజరు. గడ్డం వచ్చే వయసులో చిన్నపిల్లల మధ్య కూర్చునేవాడు. మోకాళ్లు బల్ల కింద పట్టకపోతే తమ తాత ఆ బల్ల కాళ్ల కింద పీట్ గడ్డలు, పొయ్యిలో కాల్చే ఎండిన బురదమట్టి గడ్డలు, పెట్టి ఎత్తు చేయించాడు అని చెప్పి, ప్యాకీ తన మోకాళ్లు గడ్డం దాకా ముడిచి చూపించాడు.

“ఊళ్లో పిల్లలంతా పొయ్యిలోకని తెచ్చిన పీట్ వాడి బల్ల కిందకే పోయేదట. ఎన్నేళ్లు కూర్చున్నా చదువు ఎక్కేది కాదు పాపం, మళ్లీ మళ్లీ వచ్చేవాడు. పిల్లలంతా ఉత్త కాళ్లతో ఉంటే వీడొక్కడు మేకులు కొట్టిన బూట్లతో టకటకా...”

“బూట్లా?” అన్నది నాబ్లా.

“బూట్లే. అదే కదమ్మా కథలో నవ్వు.”

“ప్యాకీ, ఆ కుర్రాడి పేరేంటి?”

తెలియదన్నాడు ప్యాకీ. తాత పేరు చెప్పేవాడు కాదట. ఆమె అంతటితో వదలలేదు. పొడుగు మొద్దు అన్న మాట మాస్టర్ గిల్డేదేనా అని అడిగింది. ప్యాకీ రొట్టె నమలడం ఆపి ఆలోచించాడు. తరువాత, కొంచెం ఇబ్బందిగా, కాదన్నాడు. తాత అనేది పొడుగు విద్యార్థి అని; మొద్దు అన్నది తమ నాన్న కలిపినది, పెళ్లిళ్లలో చెప్పినప్పుడు నవ్వు బాగా రావాలని.

నాబ్లా నా వైపు తిరిగింది. ఆ రోజుల్లో ఈ తీరంలో పిల్లలకు బూట్లు ఎలా వస్తాయో నాకు తెలుసా అని అడిగింది. తెలుసు. మా తాతకు కూడా మొదటి జత అలాగే వచ్చింది. లాగన్ రైతు పొలంలో ఉత్త కాళ్లతో పని చేయలేరు కాబట్టి కుదిరినవాడికి బూట్లు ఇచ్చేవాడు. లాగన్‌కు వెళ్లివచ్చిన పిల్లవాడికి తప్ప ఈ ఊళ్లో ఏ పిల్లవాడికీ బూట్లు ఉండేవి కావు.

“మీ జాబితాలో వీళ్లు చేరిన ఏడాది ఉంది. నెల ఉందా?”

లేదు. అది మేము తీసివేసిన గడుల్లో ఒకటి.

ఎత్నా అప్పటికే లేచింది. ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పెద్ద రిజిస్టరును తెచ్చి, టీ కప్పులు పక్కకు జరిపి బల్ల మీద పరిచింది. మాస్టర్ గిల్డే చేతిరాత నిలువుగా, తొందరలేకుండా ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో చాలామంది ఉపాధ్యాయుల చేతిరాతలు చూశాను. ఇంత నిజాయితీగలది అరుదు. మొదటి ఫేలిమ్, చేపలవాడి కొడుకు, ఎనిమిదేళ్లు, నవంబరు ఆఖరున చేరాడు. ఎత్నా పేజీలు తిప్పి రెండోవాణ్ని పట్టుకుంది. నవంబరు. మూడోవాడు నవంబరు. నాలుగోవాడు సెప్టెంబరులో చేరాడు, రైతు కొడుకు, ఏడాది పొడవునా హాజరు. అతను నిస్సందేహంగా వేరే ఫేలిమ్. అయిదోవాడు నవంబరు. ఆరోవాడు, ఏడోవాడు నవంబరు.

ప్యాకీ కప్పు కింద పెట్టాడు.

ఇక్కడ నేను నా వృత్తికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో మా బడిలో, ఒక పిల్లవాడు మూడు నెలలపాటు రాకపోతే పేరు కొట్టేయాలన్నది నియమం. కొట్టేసిన పిల్లవాడు మళ్లీ వస్తే, వచ్చింది పాతవాడైనా సరే, కొత్తగా చేరినట్టు కొత్త వరుసలో, కొత్త సంఖ్యతో మాస్టర్ గిల్డే రాసుకునేవాడు. కాబట్టి రిజిస్టరులో పేరు ఏడుసార్లు ఉన్నంత మాత్రాన ఏడుగురని కాదు. ఈ నియమం నాకు బాగా తెలుసు. అయినా ఆ ఏడు పేర్లు చూసినప్పుడు అది నాకు తోచలేదు, ఎందుకంటే ఏడుగురు ఫేలిమ్ బోనర్లుండడం ఈ ఊళ్లో పుట్టినవాడికి ఎంతో సహజంగా కనిపిస్తుంది.

అయితే నవంబరు ఒక్కటే చాలదు. లాగన్‌కు వెళ్లివచ్చిన పిల్లలు చాలామంది. వాళ్లలో ఫేలిమ్ బోనర్లు ఒకరికంటే ఎక్కువ ఉండవచ్చు. నేను ఆ మాట అన్నప్పుడు ప్యాకీ, “మాస్టారూ, మీకు దేవదూత వచ్చి సంతకం పెట్టినా రెండో సాక్షిని అడుగుతారు,” అన్నాడు. అడుగుతానన్నాను. నాబ్లా మాత్రం తల ఊపింది. “అడగనీరా. రేపు ఎవడూ అడగకుండా ఇవాళ ఆయనే అడగనీ,” అన్నది.

తరగతుల గడి చూశాం. మొదటి ఫేలిమ్ మొదటి తరగతిలో చేరి, పడవల్లో పిల్లలకు కూడా పని దొరికే మేలో మాయమయ్యాడు. తరువాతి నవంబరు ఫేలిమ్ అదే తరగతి నుంచి మొదలుపెట్టి రెండోదానికి చేరాడు. ఆ తరువాతివాడు రెండు నుంచి మూడుకు. ఒకడు వదిలిన మెట్టు మీదే తరువాతివాడు కాలు పెట్టాడు. ఒక ఏడాది మాత్రం పైకి ఎక్కకుండా ఉన్నచోటనే ఉన్నాడు. ఆ శీతకాలం హాజరు తక్కువ, గడి చివర మాస్టర్ గిల్డే ‘జ్వరం’ అని రాశాడు. ఒక నవంబరు ఫేలిమ్ వెళ్లకముందు ఇంకొక నవంబరు ఫేలిమ్ ఎప్పుడూ రాలేదు.

నేను వేలితో తరువాతి గడి వెదికాను. కొత్త పిల్లవాడు చేరేటప్పుడు అంతకుముందు ఏ బడిలో చదివాడో రాసే గడి అది. మా జాబితాలో దానికి చోటు దొరకలేదు. మొదటి ఫేలిమ్‌కు అందులో ‘ఏ బడీ లేదు’ అని ఉన్నది. రెండో నవంబరు ఫేలిమ్‌కు ఎదురుగా మాస్టర్ గిల్డే రెండే మాటలు రాశాడు: ‘ఈ బడే’. ఆ తరువాతివాడికీ అదే. ఆఖరివాడి దాకా అదే.

నాబ్లాకు ఆ గడి చదివే చూపు లేదు. ఎత్నా ఆమె పక్కన కూర్చుని, ప్రతి వరుస దగ్గరా ఆగి, ఆ రెండు మాటలనే చదివి వినిపించింది. అక్కరలేకపోయినా ప్రతిసారీ చదివింది. నేను ఆపలేదు.

మిగిలిన సందేహం ఒకటే. మొదటివాడికి ‘చేపల వృత్తి’, తరువాతివాళ్లకు ‘విధవరాలు’. నేను రెండు వరుసల తేదీలూ చూశాను. వాటి నడుమ ఒక ఆగస్టు ఉన్నది. ఆ ఆగస్టులోనే బోనర్ల పడవ పోయిందని మా చర్చి మరణాల పుస్తకం నుంచి నేనే నా అధ్యాయంలో తేదీతో సహా ఎక్కించి ఉన్నాను. ఒకే పుస్తకంలో రెండు పేజీల మీద ఒకే పిల్లవాడు ఇద్దరు మనుషులుగా ఉన్నాడు. తండ్రి మారలేదు, లేకుండా పోయాడు.

ఆఖరి వరుస నేనే గట్టిగా చదివాను. ఆ వరుసలో తండ్రి వృత్తి గడిలో విధవరాలని కూడా లేదు. ‘కూలి, స్వయంగా’ అని ఉన్నది. పిల్లవాడి ఇంటికి ఆధారం పిల్లవాడే అయినప్పుడు ఆ గడిలో ఏమి రాయాలో ఏ నియమావళీ చెప్పలేదు. మాస్టర్ గిల్డే ఉన్నది ఉన్నట్టు రాశాడు. తరగతి అయిదు. పరీక్షాధికారి ముందు హాజరయ్యాడు. చదువు, లెక్కలు, లేఖారచన, మూడింటిలోనూ ఉత్తీర్ణుడు.

పరీక్షకు కూర్చోవాలంటే కనీస హాజరు ఒకటుండేది. ఏడాదంతా బడికి రాగలిగే పిల్లలకు అది సులభం. నవంబరు ఆఖరున వచ్చి మే నడుమ వెళ్లిపోయేవాడికి, ఒక వారం మంచు కురిసినా, తల్లికి ఒంట్లో బాగులేకపోయినా, ఆ సంఖ్య చేతికి అందదు. నేను నా బడిలో దశాబ్దాలపాటు హాజరు చూసినవాణ్ని. బూట్లున్న పిల్లలు ఏ కారణాలు చెప్పి మానుకునేవారో నాకు తెలుసు. ఈ కుర్రవాడు ఆ శీతకాలం దాదాపు ఒక్క రోజు కూడా మానలేదు. తన పక్కన కూర్చునేవాళ్లు తనకంటే మూడు నాలుగేళ్లు చిన్నవాళ్లు. తన ఈడువాళ్లు అప్పటికి పడవల్లో, కొందరు స్కాట్లండ్‌లో దుంపలు తవ్వుతూ ఉన్నారు. ఆరునెలలు పరాయి రైతు పశువుల కొట్టంలో పడుకుని వచ్చినవాడు, ఇంట్లో నిప్పు పక్కన చలికాలం గడపడానికి అందరికంటే ఎక్కువ హక్కున్నవాడు, ప్రతి నవంబరులోనూ సంత నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఇక్కడికి వచ్చి, మోకాళ్లు పట్టని బల్ల దగ్గర కూర్చున్నాడు. అతన్ని రమ్మని ఆజ్ఞాపించే చట్టం అప్పటికి లేదు. అతన్ని రానివ్వమని మాస్టర్‌ను బలవంతపెట్టే నియమమూ లేదు.

ప్యాకీ చాలాసేపు రిజిస్టరు వైపే చూశాడు. ఆ కథ తాను ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని చావుల్లో చెప్పాడో అనుకుంటున్నాడని అతని ముఖం చూస్తే తెలుస్తున్నది. తరువాత నా చేతిలోని అచ్చు కాగితం తీసుకుని, నా పెన్ను అడిగి, నా వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. గీత వంకరగా వచ్చింది.

“మా తాతకి ఆ అర్జీ అక్కర్లేదు మాస్టారూ. ఆయన బల్ల కింద పీట్ గడ్డలు పెట్టాడు. అది చాలు.” తరువాత నాబ్లా వైపు తిరిగి అన్నాడు: “ఇకమీద మొద్దు అనే మాట తీసేసి చెప్తాను. నవ్వు తగ్గుతుంది, తగ్గనీ.”

“బూట్లు ఉంచుకో,” అన్నది నాబ్లా. “బూట్ల దగ్గర ఆయనే నవ్వేవాడు.”

ఇక నా వంతు. వాక్యం పోయింది, దాని స్థానంలో ఏమి రావాలి? అర్జీ ఫేలిమ్ బోనరే రాశాడని నేను రాయలేను. అర్జీ మన దగ్గర లేదు, చేతిరాత సరిచూసుకోలేము. లేఖారచనలో ఉత్తీర్ణుడైనవాడు రాసి ఉండగలడు. అది మాత్రం నిజం. ఈ మాట ఆమెకు చెప్పడం నాకు కష్టమనిపించింది. గెలిచిన మనిషి నుంచి గెలుపులో ఒక ముక్క తిరిగి అడుగుతున్నట్టున్నది. అయినా చెప్పాను.

నాబ్లా నా ముఖం వైపు చూసి, చేతికర్ర ఆనించుకుని లేచింది.

“రాశాడని నేను చెప్తాను కోనల్. చదివాడని నువ్వు చెప్పు.”

ఆమె కోటు అప్పటికి ఆరింది. ఎత్నా కారులో దింపుతానని వెంట వెళ్లింది. ప్యాకీ కప్పులు కడిగాడు; అతను ఆ పని చేయడం నేను అంతకుముందు చూడలేదు. నేను బల్ల దగ్గర కూర్చుని ఈ కింది పేరా రాశాను. సంఘం దాన్ని ఆ సాయంత్రమే, ఫోనులో ఎత్నా సమ్మతితో, ఏకగ్రీవంగా ఆమోదించింది. మరునాడు అది అచ్చుకు వెళ్లింది.

‘మీన్‌కర్రా బడి రిజిస్టరులో వేరువేరు సంఖ్యల కింద ఆరుసార్లు నమోదైన ఫేలిమ్ బోనర్ ఒక్కడే విద్యార్థి అని ఈ సంఘం నిర్ధారించుకున్నది. తండ్రిని సముద్రంలో పోగొట్టుకుని, తొమ్మిదవ ఏట నుంచి ఏడాదిలో సగభాగం లాగన్ పొలాల్లో కూలి చేస్తూ, ప్రతి నవంబరులోనూ ఎవరి బలవంతమూ లేకుండా ఇదే బడికి తిరిగి వచ్చి, తనకంటే చిన్నవారి సరసన కూర్చుని, అయిదవ తరగతి పరీక్షలో ఉత్తీర్ణుడైనందుకు ఫేలిమ్ బోనర్‌కు ఈ బడి తరఫున, ఈ ఊరి తరఫున, మా గౌరవాన్ని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాము.’